విద్యార్థి మనస్సున రెండు భూగోళములు

బడికి వచ్చు బాలుని మనస్సు కడిగిన పలకవంటిదని మన ఉపాధ్యాయులలో పెక్కండ్రు నేటికిని తలచుచున్నారు. పలకపై వ్రాసినది నిలుచును, తుడిచినది పోవును. కావున సత్యమును స్పష్టముగా వ్రాసిన చాలునని వారి యభిప్రాయము. విద్యావిషయమున మనకు గల భ్రాంతులలో నెల్ల ఈ యభిప్రాయమే పెద్దదని మేము తలచుచున్నాము. బాలుడు బడిలో కాలుపెట్టునప్పటికే అతనికి భూమిని గూర్చి, సూర్యచంద్రులను గూర్చి, వానను గూర్చి, వ్యాధిని గూర్చి గట్టి నమ్మకములు కలవు. వానిని అతనికి ఎవ్వరును పాఠముగా చెప్పియుండలేదు. కన్నులార చూచి, నాయనమ్మ చెప్పిన కథలు విని, తనలో తాను తర్కించుకొని అతడు కట్టుకొనిన యిల్లది. మనమా యింటి తలుపు తట్టము. లోపల నేమున్నదో చూడము. క్రొత్త సామాను వాకిట దింపి, దింపితిమని పుస్తకములో వ్రాసికొని పోవుదుము.

ఇందుకు నిదర్శనము దూరమున వెదకనక్కఱలేదు. హైదరాబాదు నగరమునందలి ఒకటవ, మూడవ తరగతుల పిల్లలను భూమి యాకారమును గూర్చి ప్రశ్నించి చేసిన పరిశోధన యొకటి 1996లో ప్రకటితమైనది. చేసినవారు సమరపుంగవన్, వోస్నియాడో, బ్రూవర్ అను మువ్వురు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు. వీరిలో కడపటి యిరువురును 1992లోనే అమెరికా బాలురతో ఇట్టి పరిశోధన చేసి పేరుపొందియుండిరి. వారి పద్ధతి సామాన్యమైనదే. భూమి యెట్లున్నదని యడిగిన, గుండ్రముగా నున్నదని యెల్ల పిల్లలును చెప్పుదురు. అంతటితో మన పరీక్షాధికారి మార్కు వేసి తృప్తిపడును. వారు తృప్తిపడలేదు. తిన్నగా ననేక దినములు నడచిపోయినచో నెక్కడికి చేరుదువు? భూమికి అంచు కలదా? ఆ యంచునుండి క్రింద పడుదువా? అని యడిగిరి. పుస్తకమున లేని యీ ప్రశ్నలకు వల్లించిన వాక్యము పనికిరాలేదు. అప్పుడు పిల్లల మనస్సులలోని భూమి బయటపడినది.

కొందఱి భూమి బిళ్ళవలె గుండ్రమైనది. కొందఱిది సగము కోసిన గుమ్మడికాయవంటిది. అడుగుసగమున చదునైన నేలమీద మనముందుము, పైసగము ఆకాశము. ఇంకను కొందఱికి భూములు రెండు. ఒకటి మనము నడచు చదునైన నేల. మఱొకటి ఉపాధ్యాయులు చెప్పు గుండ్రని భూమి. అది యెక్కడనో ఆకాశమున చంద్రునివలె వ్రేలాడుచున్నది. హైదరాబాదు పిల్లలలో ననేకులు తమ భూమిని నీటిపై తేల్చిరి. మన కథలలోని సముద్రము వారి భూగోళశాస్త్రమునకు ఆధారమైనది.

మన భాషయు ఇందులకు కొంత తోడ్పడినదేమో యని మాకు తోచుచున్నది. గుండ్రము అను మాట అట్టునకును చెల్లును, బంతికిని చెల్లును. ‘భూమి గుండ్రముగా నున్నది’ అని ఉపాధ్యాయుడు బంతిని తలచి చెప్పును. బాలుడు అట్టును తలచి వినును. ఇరువురును ఒకే వాక్యమును చెప్పుదురు, ఇరువురును సంతోషింతురు. ఇట్టి సంతోషముమీద ఎన్ని తరగతులు గడచిపోవుచున్నవో!

ఈ చిక్కు నిన్న మొన్న పుట్టినది కాదు. మన దేశమున భూమిని గూర్చిన యీ వాదము పదునైదు శతాబ్దములుగా నడచుచున్నది. అందు భ్రాంతిని పోగొట్టదలచిన వారు ఏమేమి చేసిరో, ఎక్కడ గెలిచిరో, ఎక్కడ జంకిరో తెలిసికొనుట నేటి ఉపాధ్యాయునకు మిక్కిలి యుపయోగకరము.

499లో ఆర్యభటుడు భూమి గోళమనియు, అది తన చుట్టును తాను తిరుగుచున్నదనియు చెప్పెను. నావలో ముందునకు పోవువానికి ఒడ్డునగల చెట్లు వెనుకకు పోవునట్లు కనబడును గదా, నక్షత్రములును అట్లే పడమరకు పోవునట్లు కనబడుచున్నవని అతని యుపమానము. గోళముపైని నలువైపుల ప్రాణు లెట్లుండుననువారికి కదంబపుష్పమును చూపెను. ఆ బంతిపై కేసరములు అన్ని దిక్కులను నిలిచియే యున్నవి గదా యనెను. అయినను ఫలమేమి? తరువాతి శతాబ్దమున వరాహమిహిరుడు, భూమియే తిరుగుచున్నచో ఆకాశమున కెగిరిన డేగ తిరిగి తన గూటికెట్లు చేరుననెను. ఈ వరాహమిహిరుడు తెలివితక్కువవాడు కాడు. గ్రహణమునకు కారణము రాహువు కాదని స్పష్టముగా వ్రాసినవాడు. ఒక భ్రాంతిని జయించినవాడే మఱొక భ్రాంతికి వశుడగుట ఇక్కడ చూడదగినది. వ్యాఖ్యాతలలో కొందఱు ఇంకను ముందునకు పోయి, ఆర్యభటుని శ్లోకమునందు భూమి తిరుగుచున్నదని యున్న తావున నక్షత్రమండలము తిరుగుచున్నదని అర్థము వచ్చునట్లు పాఠమునే మార్చిరి. గురువు తప్పు వ్రాయడను భక్తితో గురువు వ్రాసిన నిజమును దిద్దిరి!

బ్రహ్మగుప్తుని కథ ఇంతకంటె విచారకరము. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన ఈ మహాగణితజ్ఞునకు గ్రహణము నీడవలన గలుగునని తెలియును. తన లెక్కలన్నియు నీడమీదనే కట్టెను. అయినను రాహువు కారణము కాదనుట వేదస్మృతులకు విరుద్ధమని, కాదన్నవారిని నిందించెను. పదునొకండవ శతాబ్దమున అల్బిరూనీ యీ భాగమును చదివి, ఇంతటి పండితుడు తన మనస్సాక్షికి విరుద్ధముగా నిట్లు వ్రాయుటకు సోక్రటీసునకు పట్టిన గతి తనకు పట్టునేమో యను భయమే కారణమై యుండునని తలచెను. లెక్క కొక రాహువు, లోకమున కొక రాహువు. హైదరాబాదు బాలుని రెండు భూములవంటివే యివియు. భేదమేమనగా బాలునకు తన మనస్సున రెండున్నవని తెలియదు, బ్రహ్మగుప్తునకు తెలియును.

వీరందఱిలో నిజమైన ఉపాధ్యాయుని లక్షణములు మాకు భాస్కరాచార్యునియందు కనబడుచున్నవి. 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందలి గోళాధ్యాయమున ఆయన భూమి గోళమని చెప్పి యూరకుండలేదు. చదువరి మనస్సున నేమేమి సందేహములున్నవో ముందుగా నెంచుకొని, ఒక్కొక్కదానిని పిలిచి కూర్చుండబెట్టి ప్రశ్నించెను. భూమికి ఆధారముండవలయునందువా, ఆ యాధారమునకు మఱొక యాధారమేది? దానికింకొకటి యేది? కడపట నెక్కడనో ఒకటి తన శక్తిచేత తానే నిలిచియున్నదని యొప్పుకొనవలసినచో ఆ మాట భూమిని గూర్చియే యేల యొప్పుకొనరాదు? భూమి చదునుగా కనబడుచున్నదందువా, నిజమే. మహాగోళముపైని నిలిచిన అల్పుడైన మానవుడు దానిలో మిక్కిలి చిన్న భాగమునే చూచును గనుక అట్లు కనబడును. గోళమునకు అవతలివైపున నున్నవారు తలక్రిందులై పడిపోరాయందువా, చెఱువుగట్టున నిలిచినవాని నీడ నీటిలో తలక్రిందుగా నుండును. అవతలివారును మన దృష్టికి అట్టివారే, కాని మనమిక్కడ నున్నట్లే వారక్కడ సుఖముగా నున్నారు.

ఇందలి మర్మమును గమనింపుడు. చదునుగా కనబడుచున్నదన్నవానిని మూర్ఖుడని భాస్కరుడు త్రోసివేయలేదు. అతడు చూచినది నిజమేయని యొప్పుకొనెను. ఆ చూపునకు కారణమును చెప్పెను. భ్రాంతిలో నిజమైన భాగమేదో దానిని వానికే మిగిల్చి, తక్కినదానిని మాత్రము తీసికొనెను. ఇంత చేసిన భాస్కరుడును భూమి కదలదనియే నమ్మెను. ఆర్యభటుడు తెఱచిన ద్వారమున అతడు ప్రవేశింపలేదు. ఉపాధ్యాయుడు గొప్పవాడగుటకు సర్వజ్ఞుడు కానక్కఱలేదు.

భాస్కరుని తరువాత సుమారు ఏడు శతాబ్దములకు ఆయన గోళాధ్యాయము మరల పాఠశాలలో ప్రాణము పోసికొనినది. ఆ కథను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన విద్యాచరిత్రమున దీనికి రావలసిన పేరు రాలేదని మా తలంపు.

భోపాలునకు చేరువనున్న సీహోరునందు లాన్స్‌లాట్ విల్కిన్సన్ అను ఆంగ్లేయోద్యోగి యుండెను. బొంబాయి సివిలు సర్వీసునకు చెందినవాడు. భోపాలు సంస్థానమున కంపెనీవారి ప్రతినిధిగా పనిచేసినవాడు. అక్కడి పాఠశాల అతని ప్రాణము. పురాణములలోని చదునైన భూమిని, మేరుపర్వతమును నమ్మిన పండితులకును పిల్లలకును యూరోపియను ఖగోళశాస్త్రమును బోధింపవలెనని అతని కోరిక. ఐరోపావారు ఇట్లు చెప్పుచున్నారనిన, మీవారికి అట్లు, మావారికి ఇట్లు అని వినువారు లేచిపోవుదురని అతడు గ్రహించెను. వారు లేచిపోవుట తెలివిలేక కాదు. ఎవ్వరో చెప్పినారనుటయే ప్రమాణమైనచో తమవారు చెప్పినదేల విడువవలెను?

కావున విల్కిన్సన్ కోపర్నికసును ప్రక్కనుంచి భాస్కరుని చేత పట్టెను. ముందుగా సిద్ధాంతగ్రంథములను చదివించెను. భూమి గోళమని, గ్రహణము నీడయని, దేశాంతరమునుబట్టి సూర్యోదయకాలము మాఱునని విద్యార్థులు తమ యాచార్యుల నోటనే వినిరి. తమ లెక్కలచేతనే తేల్చుకొనిరి. అక్కడనుండి, భాస్కరుడు ఇంతవఱకు వచ్చెను, ఆ తరువాత ఐరోపావారు ఇంత దూరము పోయిరి అని చెప్పుట సుళువైనది. ఈ పద్ధతిని వివరించుచు, దేశీయవిద్యయందు సిద్ధాంతముల యుపయోగమును గూర్చి 1834లో బంగాళ ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు అతడు ఒక వ్యాసమును ప్రకటించెను.

ఆ మరుసటి సంవత్సరమే, 1835లో, మెకాలే తన ప్రసిద్ధమైన నివేదికను వ్రాసెను. అందు మన ఖగోళమును నవ్వులపాలు చేసెను. పాకపు సముద్రములును వెన్న సముద్రములును గల భూగోళమును సర్కారు ధనముతో బోధింపవలెనా యని హేళన చేసెను. ఆ సముద్రములను మన సిద్ధాంతులే ఎన్నడో ప్రశ్నించిరని ఏడాది ముందే అచ్చుపడియున్న వ్యాసము అతని కంటబడలేదు కాబోలు, లేక కంటబడినను పనికిరాలేదు కాబోలు. గెలిచినది మెకాలే మార్గము. దానివలన మనకు కలిగిన లాభములను కాదనము. ఈ వ్యాసమునకు అది విషయము కాదు. కాని శిష్యుని నమ్మకమును నవ్వి త్రోసివేయుటయే దానిని పోగొట్టుటయను భ్రాంతి మన పాఠశాలలలో ఆనాడే పాదుకొన్నదని మాత్రము చెప్పక తప్పదు. నవ్వినచో శిష్యుడు తన నమ్మకమును విడువడు, దాచుకొనును.

సీహోరు పాఠశాలనుండి వచ్చిన ఫలములను చూడుడు. సుబాజీ బాపు అను పండితుడు 1836లో మరాఠీభాషయందు సిద్ధాంతశిరోమణిప్రకాశమను గ్రంథమును వ్రాసి, పురాణ భూగోళమును సిద్ధాంతముతోడను, సిద్ధాంతమును కోపర్నికసు మతముతోడను పోల్చిచూపెను. ఓంకార భట్టు హిందీయందు భూగోళసారమును రచించెను. ఈ గ్రంథములు పండితలోకమున పెద్ద కలకలమును పుట్టించినవి. పురాణములకును సిద్ధాంతములకును విరోధమే లేదని కొందఱు వాదించిరి. వారికి ఖండనలు వచ్చినవి. కలకలము పుట్టుటయే విల్కిన్సన్ విజయమని మేమందుము. యూరోపియను పాఠ్యపుస్తకమును చదివి ఏ పండితుడును ఖండన వ్రాయ శ్రమపడియుండడు. తన యింటిలో మంట పుట్టినప్పుడుగదా మనుష్యుడు లేచును!

విల్కిన్సన్ 1838లో నాగపురమున బాపూదేవుడను బాలుని ప్రజ్ఞను చూచి సీహోరునకు తీసికొనివచ్చెను. ఆతడే తరువాత కాశీ సంస్కృత కళాశాలలో గణితాధ్యాపకుడై బాపూదేవ శాస్త్రియని దేశమంతట కీర్తి గడించెను. విల్కిన్సన్ 1841లోనే చనిపోయెను. ఆయన చేసిన గోళాధ్యాయపు టాంగ్లానువాదమును బాపూదేవ శాస్త్రి సవరించి 1861లో కలకత్తాలో ప్రకటింపజేసెను. గురువు ప్రారంభించినదానిని శిష్యుడు దిద్ది ముగించుట కంటె పాఠశాలకు వేఱు యోగ్యతాపత్రమేల?

అయితే ఆ పద్ధతియందలి లోపములను కూడ చెప్పవలెను. మనవారికి ఇదియంతయు ముందే తెలియునను గర్వమునకు అది త్రోవతీయగలదు. భాస్కరునివఱకు వచ్చి అక్కడనే నిలిచిపోవువారుందురు. నిలిచిన భూమి వారికి చాలును. అంతకంటె ముఖ్యమైనది, సంస్కృతము చదువగల కొద్దిమందికే ఆ ద్వారము తెఱవబడినది. పొలమున పనిచేయువాని కుమారునకు గాని, ఇంటిలోని ఆడపిల్లకు గాని భాస్కరుడు ‘మనవాడు’ కాడు. వారి నమ్మకములు వేఱు చోటనుండి వచ్చినవి. వానిని వెదకుటకు వేఱు త్రోవ కావలెను.

మన తెలుగుదేశమునకు వత్తము. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన నడుమనుండి పోయినది. ఫ్రాన్సునుండి జాన్సెనును, ఆంగ్లేయులలో టెన్నాంటును గుంటూరునకు వచ్చిరి. మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమున దూరదర్శినిని నిలిపెను. అయిదు నిమిషములకు పైగా పట్టపగలు చీకటి క్రమ్మినది. సూర్యుని చుట్టునుండు జ్వాలల కాంతిని విడదీసి చూచి వారు కనుగొనిన విషయములు తరువాత హీలియము అను మూలపదార్థమును గుర్తించుటకు దారితీసినవి. ఆ దినముననే తెలంగాణమునందలి వనపర్తిలో మద్రాసు నక్షత్రశాలవారి మఱొక బృందమునకు నాయకుడు మన దేశీయుడే, చింతామణి రఘునాథాచార్యులు. 1867లో రెటిక్యులము అను నక్షత్రరాశియందు వెలుగు మాఱు నక్షత్రమును కనుగొనిన ఘనుడాయన.

గుంటూరు మున్నగు పట్టణములు ప్రపంచ శాస్త్రచరిత్రమున కెక్కిన ఆ ఘడియలయందు ఆ పట్టణముల ప్రజలు పట్టుస్నానములు చేసి, విడుపుస్నానములకు వేచి, ఊరగాయ జాడీలపై దర్భలు వేసికొని కూర్చుండియుందురని యూహించుటకు పెద్ద పాండిత్యము అక్కఱలేదు. దొరలు తమ గాజులలోనుండి చూచిరి; వీరు తమ తలుపులు మూసికొనిరి. నడుమ మాటలాడువాడు లేడు.

ఆ నడుమ నిలిచి మాటలాడినవాడు రఘునాథాచార్యులే. 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా పోవుట జరుగనుండగా, దానిని గూర్చి ఆయన ముందుగానే ఒక చిన్న పుస్తకమును వ్రాసి పలు భాషలలో ప్రకటింపజేసెను. ఉపన్యాసముగా వ్రాయలేదు, పండితుడొకడు సందేహించుచు అడుగ, సిద్ధాంతి యొకడు సమాధానము చెప్పు సంభాషణగా వ్రాసెను. సందేహించువానికి అందు నోరున్నది. పంచాంగములను కంటికి కనబడు గ్రహగతులతో సరిచూచి దిద్దవలెనని ఆయన జీవితాంతము పోరాడెను. పంచాంగము ప్రతి యింటను ఉండును; తిథి తప్పినచో ప్రతి యింటికిని నష్టము. కనుక ఆయన ఖగోళశాస్త్రమును నక్షత్రశాలనుండి గాక పంచాంగమునుండి మొదలుపెట్టెను.

నూటపండ్రెండేండ్లు గడచినవి. 1980 ఫిబ్రవరి 16వ తేదీని మరల సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశముమీదుగా పోయినది. హైదరాబాదునకు చేరువనున్న జపాల్-రంగాపురం వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. ఆ మధ్యాహ్నము నగరముల వీథులు నిర్మానుష్యములైనవి. ప్రజలు బయటకు పోకుండుటకై దూరదర్శనము ఒక చలనచిత్రమును ప్రసారము చేసినది! ఇంటింటను చదువుకొన్నవారుండిరి. గ్రహణమునకు కారణము వ్రాయుమనిన పటముతో సహా వ్రాయగలవారు ఆ తలుపుల వెనుక నుండిరి. వారి మనస్సులలో పరీక్షకు వ్రాసిన సూర్యుడు వేఱు, ఆనాడు మింట నున్న సూర్యుడు వేఱు.

ఇక్కడ న్యాయముగా నొక మాట చెప్పవలెను. సూర్యుని సూటిగా చూచినచో కన్నులు చెడుననుట సత్యము. ఆ భయమున నిజమున్నది. దానితో గలసి, గ్రహణపు వెలుగున విషమున్నదనియు, గర్భిణికి కీడనియు నున్న భయములకు ఆధారము లేదు. రెంటిని విడదీయక, భయపడకుడని యొకరును భయపడుడని యొకరును అఱచుచుండగా ప్రజలు తలుపు వేసికొనిరి. విడదీసి చెప్పిన ఫలము 1995లో కొంత కనబడినది. ఆ యేడు అక్టోబరు 24వ తేదీని ఉత్తరదేశమున సంపూర్ణగ్రహణము కలిగినప్పుడు తగిన రక్షణతో వేలకొలది జనము మైదానములకు వచ్చి చూచిరి. ఇది జనవిజ్ఞానోద్యమములవారు ఊరూర తిరిగి, చూడవచ్చును, ఇట్లు చూడవలెను అని చేతికి సాధనమిచ్చి చెప్పుటవలన గలిగినది.

ఉపాధ్యాయుడు చేయదగినదేమి యని చదువరు లడుగుదురు. ముందు తన మనస్సును తాను పరీక్షించుకొనవలెను. 1987లో అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు పట్టదానోత్సవమునాడు ఇరువదిముగ్గురిని, ఋతువులకో చంద్రకళలకో కారణమడిగి చిత్రము తీసిరి. ఇరువదియొక్కరు తప్పు చెప్పిరి. అందు అధ్యాపకులును గలరు. భూమి సూర్యునకు దగ్గఱగా వచ్చినప్పుడు వేసవి యనుట అందఱికిని తోచు సమాధానము. నిప్పుకు దగ్గఱగా పోయిన వేడి యెక్కుటను చూచినవాడెవ్వడును అట్లే తలచును. మన తెలుగుదేశపు ఉపాధ్యాయునకు దీనిని కదలించుటకు సులభమైన సాధనము కలదు. భూమి సూర్యునకు మిక్కిలి దగ్గఱ నుండునది జనవరి మొదటి వారమున, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరమున. అనగా మనము సంక్రాంతి ముందు చలిలో వణకు దినములు. రోళ్ళు పగులునని సామెతకెక్కిన రోహిణికార్తెయందు భూమి సూర్యునకు దూరముగా పోవుచున్నది; జూలై మొదట 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. ఈ సంఖ్యలను చెప్పి, మీరేమందురని పిల్లలనడిగి, ఉపాధ్యాయుడు కొంతసేపు మౌనముగా నుండవలెను. ఈ మౌనము మన బడులలో మిక్కిలి యరుదు.

తరువాత ఎండలో ఒక శంకువును పాతవలెను. పండ్రెండంగుళముల కఱ్ఱ చాలును. మన సిద్ధాంతులు వాడినదదియే. విషువదినమున మధ్యాహ్నము దాని నీడ మద్రాసునందు రెండుముప్పాతిక అంగుళములకు కొంచెము పైగాను, హైదరాబాదునందు మూడుముప్పాతికయు, సీహోరునందు అయిదింటికి కొంచెము పైగాను ఉండును. మే రెండవ వారమున నొకనాడును, ఆగస్టు మొదటి వారమున నొకనాడును హైదరాబాదున మధ్యాహ్నపు నీడయే యుండదు. సూర్యుడు నడినెత్తినుండి కొట్టుటయు ఏటవాలుగా కొట్టుటయు పిల్లలు తమ కఱ్ఱతో తామే కొలుతురు. ఆగస్టులోను నడినెత్తినే యున్నప్పుడు అంత వేడి యేల లేదని యొకరడుగుదురు. మేఘములు వారికి సమాధానము చెప్పును. నేల చదునై సూర్యుడు దగ్గఱనున్నను ఊరూరికి నీడ మాఱవచ్చును గదా యని తెలివైన బాలుడు అడిగినచో కోపింపరాదు. అట్టివానిని ఆ యూరు పుణ్యముగా నెంచవలెను. ధ్రువనక్షత్రము హైదరాబాదున కంటె కాశీలో నేల మీదికి లేచియుండుటను, ఉత్తరమునకు పోయినకొలది అగస్త్యనక్షత్రము నేలవైపు క్రుంగుటను వానికి చూపవలెను. వాదము తీఱదు, అయినను వాడు ఆకాశమును చూచును.

ఇంత తీఱిక యెక్కడిది, పాఠ్యక్రమము పూర్తికావలదా యని ఉపాధ్యాయులందురు. వారి కష్టము మాకు తెలియును. అన్ని పాఠములకును ఇట్లు చేయుట సాధ్యము కాదు. ఏ పాఠమున బాలుని యింట ముందే మఱొక సమాధానమున్నదో అక్కడ మాత్రము నిలిచిన చాలును. వ్యవకలనమున రాహువు లేడు, గ్రహణమున నున్నాడు.

మేమెఱిగిన యొక గ్రామపాఠశాల ఉపాధ్యాయినిగారు ఇట్లు చేసిరి. గ్రహణకాలమున పళ్ళెములో నీరుపోసి రోకలిని నిలిపినచో తనంతట తాను నిలుచుననియు, గ్రహణము విడిచిన వెంటనే పడుననియు మన యూళ్ళలో నమ్మకము గలదు గదా. ఆమె గ్రహణమునకు వారము ముందు, ఏ విశేషమును లేని సోమవారమున, బడిలో రోకలిని తెప్పించిరి. నిలుచునా, నిలువదా యని ముందుగా పలకలపై వ్రాయుడనిరి. నిలువదని అందఱును వ్రాసిరి. అడుగు సమముగా నున్న రోకలి చక్కగా నిలిచినది. పిల్లలు ఒప్పుకొనలేదు, అది బడి రోకలి గనుక నిలిచినదనిరి. ఆమె నవ్వలేదు, వాదింపలేదు. మీ యిండ్లనుండి తెండనిరి. మరునాడు ఆ వరండా రోకళ్ళతో నిండినది. కొన్ని నిలిచినవి. అడుగు అరిగిపోయినవి నిలువలేదు. నిలిచినవానిని, నిలువనివానిని ప్రక్కప్రక్కన పెట్టి అడుగులను చూచి, కారణమును కనుగొనినవారు పిల్లలే.

ఆ గ్రహణము 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయమున వచ్చినది. మన ప్రాంతమున అది పాక్షికము. బడికి సెలవైనను రావలెనన్న పిల్లలు రావచ్చునని ఆమె చెప్పియుండిరి. సగముమంది రాలేదు. వచ్చినవారు సూర్యునివైపు చూడక, ఆవరణలోని వేపచెట్టు క్రింద నేలమీద తెల్లకాగితములు పఱచిరి. ఆకుల సందులనుండి పడు వెలుగుచుక్కలు ఎప్పటివలె గుండ్రముగా లేవు. వందలకొలది చంద్రవంకలై కాగితములనిండ కదలాడినవి. మనుమని ఇంటికి పిలుచుకొనిపోవుటకు గొంగడి కప్పుకొని వచ్చిన అవ్వ యొకతె గుమ్మము దాటి లోపలికి రానని అక్కడనే నిలిచెను. కొంతసేపటికి కాగితములను చూచి, అవి యేమిరా అన్ని వంకరగా నున్నవని యడిగెను. ఆ బాలుడు కాగితమును చేతబట్టుకొని ఆమెకడకు పోయి చెప్పుటకు మొదలిడెను.